ఆర్నెల్లలో పోవాల్సిన బెర్నడీన్ మామ్మ

మా బామ్మ చెల్లెలు బెర్నడీన్ కుచ్మా ముప్ఫయ్యొక్క ఏళ్ళు డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో మూడో నంబరు కౌంటరు వెనక కూర్చుంది. ఈరీ ఊళ్ళో నలభై దాటినవాళ్ళలో ఆవిడ ఒక్కసారైనా తిప్పి పంపనివాడు లేడు. పుట్టినతేదీలో ఏడు ఒకటిలా కనబడుతోందని తిప్పి పంపేది. నల్ల సిరా అని అచ్చేసి ఉంటే నీలం సిరాతో ఎందుకు నింపావని తిప్పి పంపేది. ఒకసారి కళ్ళ పరీక్ష కాయితం తేలేదని కట్టుకున్న మొగుణ్ణే తిప్పి పంపింది. ఆయన వారం రోజులు బస్సెక్కి పనికెళ్ళాడు.

"ఫారమ్ అడిగింది చెప్పాలి. అడగనిది చెప్పకూడదు. ఖాళీ మాత్రం వదలకూడదు." ఆవిడకు తెలిసిన నీతిశాస్త్రమంతా ఇంతే.

మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కింది వాటాలో ఆవిడ, పై వాటాలో నేను. కాలేజీ రెండో ఏడు మధ్యలో వదిలేసి నేను సామానుతో దిగినప్పుడు, ఎందుకొదిలేశావని ఆవిడ అడగలేదు.

"మానేస్తున్నానని ఫారమ్ ఇచ్చావా, ఊరికే వచ్చేశావా?"

"ఊరికే వచ్చేశా."

మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఎనభై మూడో ఏట ఆవిడ గుండె మొరాయించింది. ఆర్నెల్లకు మించి బతకడం కష్టమని ఇద్దరు డాక్టర్లు సంతకాలు పెడితే, చివరి రోజుల్లో చూసుకునే హాస్పిస్ వాళ్ళు ఇంటికే మంచం, మందులు, నర్సు, స్నానం చేయించే మనిషి, అన్నీ పంపుతారు. మామ్మ ఆ కాయితం కళ్ళజోడు పెట్టుకుని చదివి, రెండో డాక్టరు తేదీ వెయ్యలేదని వెనక్కి పంపింది. అలా ఆవిడ చావు వారం ఆలస్యంగా మొదలైంది.

మంచంతో పాటు గ్రాంట్ ఓమ్‌స్టెడ్ కూడా వచ్చాడు. ప్రతి గురువారం మూడింటికి. పళ్ళ డాక్టరు కొడుకు, మా ఊరి కాలేజీలోనే మూడో ఏడు. దువ్విన జుట్టు, మెళ్ళో వాలంటీరు కార్డు, మొహం నిండా జాలి. ఆ జాలి వాడు కారు దిగే ముందు అద్దంలో చూసుకుని తగిలించుకుంటాడని నా అనుమానం.

మొదటిరోజు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీతో కాసేపు ఉండటానికొచ్చానండీ. మీ మనసులో ఏమున్నా నాతో పంచుకోవచ్చు."

"మనసులో ఏం లేదబ్బాయ్. రమ్మీ వచ్చా?"

"రాదండీ."

"మరెందుకొచ్చావ్?"

వాడు తడబడి నిజం కక్కేశాడు. మెడికల్ కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. మార్కులొక్కటే చాలవు. చదువు కాకుండా ఇంకేం చేశావని అడుగుతారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి సేవ చేస్తే మంచి పేరు.

"ఎన్ని గంటలు కావాలి నీకు?"

"నూట యాభై ఉంటే బాగుంటుందంటారండీ."

మామ్మ వేళ్ళ మీద లెక్కేసింది. "వారానికి రెండు గంటలు. నాకిచ్చింది ఆర్నెల్లు. సరిపోదు. కాస్త తక్కువ జబ్బున్నవాళ్ళని చూసుకో."

వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకు మాత్రం తెలిసింది, నవ్వాను.

కానీ వాడు మళ్ళీ వచ్చాడు. రమ్మీ నేర్చుకున్నాడు. వస్తూ వస్తూ పెద్ద కప్పు నిండా వెనిల్లా కస్టర్డు, పైన చాక్లెట్ పాకం పోయించుకుని తెచ్చేవాడు. మర్యాదస్తుడు కాబట్టి ప్రతి ఆటా ఓడిపోయేవాడు. డిసెంబరు వచ్చేసరికి మామ్మ గురువారం పొద్దున్నే పెదాలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టింది. రెండున్నరకల్లా ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో కిటికీ దగ్గర చేరేది. నేను చలికాలం మంచు తోసే బండి నడుపుతాను.

"ఒరేయ్ కాజ్, ఇవాళ ముందుగా మన సందు తోసెయ్," అనేది.

"అవతల ఆస్పత్రి రోడ్డుంది మామ్మా."

"ఆస్పత్రివాళ్ళకి బోలెడంతమంది డాక్టర్లున్నారు. నాకొక్కడే వస్తాడు. వాడు కూడా ఇంకా డాక్టరు కాలేదు."

ఎవరి కోసమని అడిగితే ఒప్పుకునేది కాదు. పోస్టుమాన్ జారిపడతాడనేది.

మార్చిలో ఆర్నెల్లు నిండాయి. మామ్మ పోలేదు. డాక్టర్లు రెండేసి నెలల చొప్పున పొడిగిస్తూ సంతకాలు పెట్టారు, ఈసారి తేదీ వేసి మరీ. మే నెలలో ఒక గురువారం గ్రాంట్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, ఆట మధ్యలో దానివైపే చూస్తున్నాడు.

"ఏంటది?"

"దరఖాస్తు ఫారమండీ."

మామ్మ మొహంలో అంత వెలుగు నేను ఆవిడ పెళ్ళి ఫోటోలో కూడా చూడలేదు. పేకముక్కలు పక్కన పడేసి కళ్ళజోడు తెమ్మంది.

ఫారమ్‌లో పదిహేను గళ్ళు. చదువు కాక చేసిన పనులు పదిహేనే రాయాలి. అందులో అన్నిటికంటే అర్థవంతమైనవని మూడింటికి గుర్తు పెట్టి, వాటి గురించి పెద్ద పేరా రాయాలి. గ్రాంట్ దగ్గర ఇరవై మూడు పనులున్నాయి. ఏవి ఉంచాలో తేలక రెండు వారాలుగా వాడికి తిండి సయించడం లేదట.

"చదువు," అంది మామ్మ, కౌంటరు గొంతుతో.

"గ్వాటెమాలాలో పది రోజులండీ. పిల్లలకి పళ్ళు తోముకోవడం నేర్పాం."

"వాళ్ళకి రాదా?"

"...వచ్చండీ."

"తీసెయ్. తర్వాత?"

"విద్యార్థి ఆరోగ్య చైతన్య సంఘం. స్థాపించింది నేనే, అధ్యక్షుణ్ణి."

"ఎంతమందున్నారు?"

"నలుగురం."

"మిగతా ముగ్గురూ?"

"ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి."

"ఉంచు. అచ్చం ప్రభుత్వంలాగే ఉంది. తర్వాత?"

"అభిరుచి, తేనెటీగల పెంపకం."

"ఎప్పుడైనా కుట్టాయా?"

"ఇంకా తెప్పించలేదండీ."

"తీసెయ్. కాజ్‌ని చూడు. ఒక్క పనీ చెయ్యకుండా ఎంత నిజాయితీగా బతుకుతున్నాడో."

అలా పదకొండో గడి దాకా వచ్చారు. అక్కడ గ్రాంట్ ల్యాప్‌టాప్ కొంచెం తనవైపు తిప్పుకున్నాడు. మామ్మ తనవైపు తిప్పుకుంది. అది ఆవిడ గడి. అర్థవంతం అని గుర్తు పెట్టి ఉంది. మామ్మ పైకి చదివింది:

"అక్టోబరు చివరి గురువారం, కిటికీ అవతల ఎర్రటి ఆకులు రాలుతుండగా, ఆవిడ నా చెయ్యి పట్టుకుని చివరి శ్వాస విడిచారు. వైద్యమంటే గెలవడం కాదని ఆ క్షణం నాకు నేర్పింది."

నేను గ్రాంట్‌ని బయటికి లాక్కెళ్ళి నాలుగు తగిలిద్దామని లేచాను.

మామ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఇప్పుడు మే కదా?"

"వాళ్ళు చదివేసరికి అక్టోబరు దాటుతుందండీ," అన్నాడు వాడు, చెవులు ఎర్రబడి. "ఒకసారి పంపించాక అక్షరం కూడా మార్చనివ్వరు. అప్పటికి మీరు... అంటే డాక్టర్లు చెప్పిన దాన్నిబట్టి..."

"కింద సంతకం ఉందా?"

"ఉందండీ. ఇందులో రాసిందంతా నిజమని."

"అంతా నిజమని సంతకం పెట్టి నన్ను చంపుతున్నావా? నా కౌంటర్లో అయితే నిన్ను మీ నాన్నతో సహా తిప్పి పంపేదాన్ని."

"మీరు పోకపోతే అందులో కథేముందండీ? కాలేజీలో మా సలహాదారు గారు ఏదో ఒక మలుపుండాలన్నారు."

"నిజంగా ఏం జరిగింది ఇక్కడ?"

"రమ్మీ. కస్టర్డు. మీరు నన్ను తిట్టడం."

"అదే రాయి."

వాడు మొహం మాడ్చుకుని అదే రాశాడు. ముప్ఫై వారాల్లో ఒక్క ఆటా గెలవలేకపోయానని, మనిషి పక్కన పని లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో తెలిసిందని రాశాడు. నిజం చెప్పొద్దూ, చావు కంటే అదే బాగుంది. మామ్మ రెండు కామాలు పెట్టింది.

ఆ గడి కింద ఇంకో చిన్న గడి ఉంది: ఇకముందు ఎన్ని గంటలు చేయబోతున్నారు, ఎప్పటిదాకా. గ్రాంట్ అది ఖాళీగా వదిలేయబోయాడు.

"ఖాళీ వదలకూడదు," అంది మామ్మ. "వచ్చే ఏడు ఆగస్టు దాకా. నూట ఇరవై గంటలు."

వాడు నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. వాడు నూట ఇరవై అని కొట్టాడు.

వాడు వెళ్ళాక మామ్మ తృప్తిగా దిండుకు ఆనుకుంది. "అంతా నిజమని సంతకం పెట్టాడు, చూశావుగా? ఇంక రాక చస్తాడా?"

జూన్ మొదట్లో ఫారమ్ పంపేశాడు. వారం తిరక్కుండా నర్సు ట్రూడీ వచ్చి మామ్మ భుజం కింద కొలత టేపు చుట్టింది. బరువు చూసింది. మళ్ళీ చూసింది.

"పదకొండు పౌన్లు పెరిగారు మామ్మగారూ," అంది, పట్టుబడ్డ దొంగతో మాట్లాడినట్టు.

గండం గడిచిందట. ఆర్నెల్లలో పోయే లక్షణాలేవీ ఇప్పుడు లేవట. అందుకని హాస్పిస్ జాబితాలోంచి పేరు తీసేస్తారట. మంచం తీసుకెళ్తారు. స్నానం చేయించే మనిషి రాదు. ట్రూడీ అభినందనలు చెప్పి ఏడ్చింది.

"పరీక్ష తప్పావు మామ్మా," అన్నాను.

"నువ్వు పరీక్షే రాయలేదు, నోర్ముయ్." ట్రూడీ వైపు తిరిగింది. "గ్రాంట్ వచ్చే ఆగస్టు దాకా వస్తాడు. ఫారమ్‌లో ఉంది."

"వాలంటీర్లు జాబితాలో ఉన్నవాళ్ళకేనండీ. పదహారో వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, గ్రాంట్‌ని అటు వేస్తున్నారు."

"మరి వాడి గంటలు?"

"వాటికేం? అలాగే సాగుతాయి."

"ఆ గంటలు ఎవరి దగ్గరో ఫారమ్ అడగలేదు," అంది మామ్మ మెల్లగా. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్క ఫారమూ ఆవిడ్ని అంత దెబ్బ కొట్టలేదు.

మామ్మని కస్టర్డుతో లావెక్కించి మా ఇంట్లోంచి తనను తానే గెంటేసుకున్నాడు గ్రాంట్. ఆఖరి గురువారం ఒక కార్డు తెచ్చాడు. "మీ దగ్గర చాలా నేర్చుకున్నానండీ," అన్నాడు. అప్పుడప్పుడూ వస్తానన్నాడు. అప్పుడప్పుడూ అంటే ఏ తేదీ అని మామ్మ అడగకపోయేసరికి నాకు భయం వేసింది.

ఇంకో రెండు గురువారాలు పెదాలకు రంగు వేసుకుంది. మూడో గురువారం వేసుకోలేదు. నేను పేకముక్కలు పట్టుకుని కూర్చుంటే పొమ్మంది.

"నీతో ఏం ఆడతానురా? గెలిచినప్పుడల్లా ఇకిలిస్తావు."

"ఓడిపోనా?"

"నీకు మర్యాదగా ఓడిపోవడం కూడా రాదు."

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే గ్రాంట్. సూటు, మెడకు వదులైన టై.

"ఆవిడ ఉన్నారా?"

"బతికున్నారా అనా, ఇంట్లో ఉన్నారా అనా?"

"రెండూ."

లోపలికి వచ్చాడు. మామ్మ సోఫాలో దుప్పటి కప్పుకుని ఉంది. వాణ్ణి చూసి దుప్పటి సర్దుకుంది. వాడు నిలబడే చెప్పాడు. నిన్ననే మొదటి ఇంటర్వ్యూ అయింది, ఊరు చేరగానే సరాసరి ఇటే వచ్చాడు. ఎదురుగా ఒక తెల్లజుట్టు డాక్టరమ్మ. ల్యాబులో పరిశోధన గురించి అడుగుతుందని నెల రోజులు బట్టీ పట్టాడు. ఆవిడ మిగతా పద్నాలుగు గళ్ళూ వదిలేసి పదకొండో దాని మీద వేలు పెట్టిందట. "ఈ పెద్దావిడ భలే మనిషిలా ఉందే! ఇప్పుడెలా ఉంది?" అందట.

"నువ్వేమన్నావ్?" అంది మామ్మ.

"బాగున్నారన్నాను."

"నీకెలా తెలుసు?"

"తెలీదండీ. అందుకే..."

"అందుకే వచ్చావు."

"ఇంకా నాలుగు ఇంటర్వ్యూలున్నాయండీ. వాళ్ళూ అడుగుతారేమో." అని జేబులోంచి చిన్న నోట్‌బుక్కు, పెన్ను తీశాడు. వాడి సిగ్గులేనితనానికి దణ్ణం పెట్టాలి. పాపం, వాడు సిగ్గుపడుతూనే తీశాడు, అది వేరే సంగతి.

మామ్మ నిటారుగా కూర్చుంది. "రాసుకో. కాళ్ళలో నీరు, ఎడమవైపు ఎక్కువ. మెట్లు ఎక్కడం కష్టం. ఆకలి పర్వాలేదు. రాశావా? తర్వాతి ఇంటర్వ్యూ ఎప్పుడు?"

"మూడు వారాలకండీ."

"అయితే ఇది చెల్లదు. నా కాళ్ళలో నీరు వారానికోలా ఉంటుంది. పాత సంగతి కొత్తదని చెబితే అబద్ధం కిందే లెక్క."

"మరెలాగండీ?"

"గురువారం వచ్చి కొత్తది రాసుకో. ఆ పై గురువారం ఇంకోటి."

వాడు నోట్‌బుక్కు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "పదహారో వీధి పెద్దాయన దగ్గర నాలుగింటికి అవుతుందండీ. నాలుగున్నరకి రానా?"

"ఆలస్యంగా వచ్చినవాళ్ళని తిప్పి పంపుతాను," అంది మామ్మ. వాడు వెళ్ళేదాకా నవ్వలేదు.

"నాలుగు ఇంటర్వ్యూలయ్యాక?" అన్నాను నేను. "ఎక్కడో ఒకచోట సీటు వచ్చేస్తే?"

"వెంటనే రాకూడదు. వెయిటింగ్ లిస్టని ఒకటుంటుందట. వేసవి చివరిదాకా తేల్చరట."

మర్నాడు చర్చికి తీసుకెళ్ళమంది. నా చెయ్యి పట్టుకుని ఆయాసపడుతూ వెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది. ఎవరి కోసమని ఫాదర్ వచ్చి అడిగితే, డాక్టరు చదువుకు ప్రయత్నిస్తున్న ఒక కుర్రాడి కోసమంది. ఫాదర్ కళ్ళు చెమర్చాయి.

"ఆ అబ్బాయికి సీటు రావాలని మేమూ ప్రార్థిస్తాం బెర్నడీన్."

"తొందరేం లేదు ఫాదర్," అంది మామ్మ.