కోరికల సినిమాలో కస్తూరమ్మ

హిందీ మాట్లాడే ఊళ్లోని బాగ్‌బేరా రైల్వే కాలనీలో కస్తూరమ్మ నటి అన్న సంగతి అందరికీ తెలుసు. భర్త అప్పలసూరి యార్డులో పనిచేసిన రోజుల నుంచీ ఆమె తెలుగు సంఘం నాటకాల్లో వేషాలు కట్టింది. రాణి వేషానికి చప్పట్లు, రాక్షసి వేషానికి అంతకన్నా ఎక్కువ చప్పట్లు. యాభై దాటాక పిలుపులు తగ్గాయి.

అందుకే ఊళ్లో కుర్రాళ్లు నలుగురు మనిషికో కథ చొప్పున, కోరిక గురించి ఒక సినిమా తీస్తున్నారని వినగానే పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లింది. నలుగురూ ఆమెను తీసుకున్నారు. ఆ సంబరం ఆట్టే నిలవలేదు.

మొదటి కథలో కూతురు, ప్రేమికుడు గదిలో ఉంటే ఆమె టీ తెచ్చి, గుడ్లురిమి వెళ్లిపోవాలి. రెండో కథలో కొడుకూ కోడలూ దగ్గరగా కూర్చుంటే టీ తెచ్చి, దగ్గి వెళ్లిపోవాలి. మూడోదాంట్లో అద్దెకున్న పిల్ల. మళ్లీ టీయే.

"ఈ కుర్రగుంటలకి బుర్రలున్నాయేటి? నా వయసు ఆడది టీ మొయ్యడానికే పుట్టిందా?" అని ఇంటికొచ్చి విరుచుకుపడింది. అప్పలసూరి ఆ సాయంత్రం టీ అడగడానికే జంకాడు.

నాలుగో కథ సాయిచంద్‌ది. బారిడీహ్ పేట తెలుగు పిల్లాడే అయినా నోరు తెరిస్తే హిందీయే. విడిపోయిన జంట మళ్లీ కలుసుకునే కథ అది.

"ఆంటీ, బస్, చాయ్ రఖ్‌కే చలే జానా," అన్నాడు, టీ పెట్టేసి వెళ్లిపొమ్మని.

కస్తూరమ్మ టీ పెట్టింది, కానీ వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక కప్పు తీసుకుని తాపీగా తాగసాగింది. నటిస్తున్న జంట తెల్లబోయింది.

"కట్! ఆంటీ, యే క్యా హై?" ఇదేంటని సాయిచంద్ అరిచాడు.

"కూకున్నాను. ఇంట్లో అందరికీ కోరికలెట్టావు. టీ తెచ్చే ఈవిడికేటి కావాలో ఒక్కపాలైనా అడిగావా?"

సాయిచంద్ తలపట్టుకున్నాడు. "అచ్ఛా, క్యా చాహియే ఇన్‌కో?"

ఈవిడకేం కావాలన్న ఆ ప్రశ్న ఆమె ఊహించలేదు. కప్పు కింద పెట్టింది.

"ఎవులైనా ఎదర కూకుని, తిన్నావేటి, ఎలాగున్నావేటి అని అడిగితే సాలు బాబూ."

సాయిచంద్ విసుక్కుంటూనే, ఆమె కూర్చున్నట్టు ఒకసారీ, వెళ్లిపోయినట్టు ఇంకోసారీ తీశాడు. ఏది ఉంచుతాడో చెప్పలేదు.

సంఘం హాల్లో సినిమా వేసిన రోజు మొదటి మూడు కథల్లోనూ ఆమె ముఖం కనిపించీ కనిపించకముందే పోయింది. కస్తూరమ్మ పళ్లు కొరుకుతూ కూర్చుంది. నాలుగోదాంట్లో తెర మీద కుర్చీ జరిగింది. ఆమె కూర్చుంది. ఎంతసేపటికీ లేవలేదు.

అప్పలసూరి ఉండబట్టలేక గట్టిగానే అడిగేశాడు: "అదేటే, లెగనేదేటి?"

"మాటాడకండి. నన్ను సూడనివ్వండి," అంది కస్తూరమ్మ.