ముసురులో తెరుచుకున్న సొరుగు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో సగం తాలు. చెరిగి తీసుకోండి. మా పెరట్లో పిల్లి ఈనితే నా నోట్లో పులి ఈనుతుంది. మా ఆవిడ ఈ సంగతి పెళ్లయిన వారానికే కనిపెట్టింది.

డెబ్బైల్లో పటాన్‌చెరు దగ్గరి ఫ్యాక్టరీలో లేతు మిషన్ల మీద పనిచేసే మేమంతా కలిసి ఒక వడ్రంగం సంఘం పెట్టుకున్నాం. వారమంతా ఇనుము చెక్కి, నెలకో ఆదివారం క్యాంటీన్‌లో ఎవరు చేసిన చెక్కపని వాళ్లు బల్ల మీద పెట్టేవాళ్లం. నియమం ఒక్కటే: వస్తువు చెయ్యడంలో పరాయి చెయ్యి పడకూడదు. పడిందని తేలితే, తలా ఒకటి ఉన్న పనిముట్ల బీరువా తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోవాలి.

ఆ నెల అందరం సొరుగు పెట్టెలు చేశాం. వారం నుంచి ముసురు. ఒక్క సొరుగూ తెరుచుకోలేదు. నా దాన్ని ఆరుగురు అటూ ఆరుగురు ఇటూ పట్టి లాగితే క్యాంటీన్ గోడ కదిలింది గానీ సొరుగు కదల్లేదు.

"లోపల ఏమన్న పెట్టినవా అన్నా?" అన్నాడు పక్క మిషన్ ఆయన.

"రేషన్ కార్డు."

"ఇగ ఎండాకాలం దాక చక్కెర లేదు పో."

చివరగా మా సంఘంలోనే ఉన్న, ఊళ్లోంచి వచ్చే భాయ్ తన పెట్టె పెట్టి, చిటికెన వేలితో సొరుగు లాగాడు. నూనె రాసినట్టు జారి వచ్చింది.

ఎనభై కళ్లు చిన్నవయ్యాయి. ఒకరు పెట్టెను తిరగేసి చూశారు, ఇంకొకరు వాసన చూశారు. భాయ్ ఇంటి పక్కనే వడ్రంగం చేసే వడ్లాయన దుకాణం ఉందని గుసగుస మొదలైంది.

"సొరుగు చుట్టూ సందు ఉందేంటండీ?" అన్నాను. "మిషన్ మీద పనిచేసేవాడు వెంట్రుకంత సందైనా వదులుతాడా? ఇది వడ్రంగి చెయ్యి."

భాయ్‌కి సొంతంగా ఒక్క ఉలి లేదు. బీరువా తాళంచెవి పోతే ఆయన వడ్రంగం అక్కడితో సరి. ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీస్తాడనుకున్నాను. తీసింది అంచులు నల్లబడ్డ పోస్టుకార్డు.

"సందు నేనే ఇడిచిన సాబ్. ఈ కార్డు మందం."

"కావాలనే?"

"ఇనుము వానకు ఉబ్బదు, కట్టె ఉబ్బుతది. మా ఇంటి తలుపు ఏటా చెప్తనే ఉంటది. మీరు మస్తు బిగువుగ చేసిన్రు. జెర ఎక్కువ చేసిన్రు."

"అయితే ఇక్కడే చేసి చూపించండి," అన్నాను.

ఆయన నా పెట్టె వెనక పలక ఊడదీసి, సొరుగును వెనక నుంచి తట్టి బయటికి నెట్టాడు. రేషన్ కార్డు నా చేతికిచ్చాడు. తన తాళంచెవితో బీరువా తెరిచి, పోస్టుకార్డు అడ్డం పెట్టి చూసుకుంటూ చిత్రిక పట్టాడు. ఆ పొట్టు చుట్టలు చుట్టుకుంటూ పక్క ఊరు లక్డారం దాకా పోయింది. మళ్లీ పెట్టెలో పెట్టాక నా సొరుగు కూడా చిటికెన వేలికే వచ్చింది.

"తాళంచెవి ఇయ్యాల్నా సాబ్?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఇప్పుడు నిజం. గోడ కదలలేదని, పొట్టు పక్క ఊరికి పోలేదని మీరే చెరిగేసి ఉంటారు. నేను నిజంగా కల్పించింది ఆ ఎనభై కళ్లను. ఆ రోజు ఉన్నది తొమ్మిది మందిమి. మిగతావాళ్లు భాయ్ పెట్టె బాగుందని చెప్పి టీ తాగుతున్నారు. వాసన ఎవరూ చూడలేదు, గుసగుస ఎవరూ ఆడలేదు.

అనుమానపడింది నేనొక్కడినే.