తిప్పని పేజీ

నేను ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో పుట్టి పెరిగాను. నాన్న గనిలో పనికని విశాఖ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బడి చదువంతా హిందీలో సాగడంతో తెలుగు మాట్లాడినంత ధాటిగా చదవలేను. అందుకే చిన్నప్పుడు నేను చదివిన రాజుల, మంత్రగాళ్ళ నవలలన్నీ హిందీవే.

వాటిలో నాలుగు సంపుటాల నవల ఒకటి ఉండేది. దాని రెండో సంపుటమంటే నాకు ప్రాణం. మొదటిదాంట్లో పేర్లు గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోతుంది. చివరిదాన్ని అయిపోతోందన్న దిగులుతో చదవాలి. రెండోదానికి ఈ బాధలేవీ లేవు. మనుషులు తెలిసినవాళ్ళయిపోయారు, పోవలసిన దారి ఇంకా బోలెడుంది. రెండో సంపుటం సాగదీశారని మొహం చిట్లించేవాళ్ళతో ఇప్పటికీ గొడవపడతాను. శత్రువులు చుట్టుముట్టిన కోటలో గంజి కాచుకోవడం గురించి పది పేజీలుంటే, ఇంకో పది ఉన్నా బాగుండేదనిపించింది నాకు.

ఆ పుస్తకాన్ని నేను ఒక్కదాన్నే చదవలేదు. పక్క క్వార్టర్లో ఒక అత్త ఉండేది. చుట్టరికమేం లేదు, పిలుపుకే అత్త. తెలుగు సరిహద్దున ఉన్న మరైగూడ నుంచి కాపురానికి వచ్చింది. గోండీ, దోర్లీ, తెలుగూ గడగడా మాట్లాడేది, బజారు హిందీతో నెట్టుకొచ్చేది, చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మామయ్య షిఫ్టుకు వెళ్ళగానే గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీసేది. నేను పక్కన చేరి, హిందీలో చూసి తెలుగులో చెప్పేదాన్ని. గని నుంచి వచ్చే ఎర్ర దుమ్ము పుస్తకం మీద పడుతూనే ఉండేది, ఊదుకుంటూ చదివేదాన్ని.

ఆ కోట తలుపు దగ్గర కాపలా కాసే కుర్రవాడొకడు ఉన్నాడు. తిండి ధ్యాస ఉండదు, నోరు మూతపడదు. అచ్చం తన తమ్ముడేనని అత్త తేల్చేసింది. ఆమె తమ్ముడికి అడవి లోపల జగర్గుండా అనే ఊళ్ళో దుకాణం ఉండేది. ఆ ఏడాది అడవిలో పోరు ముదిరి దారులు మూసుకుపోయి, రెండు నెలలుగా అతని కబురు లేదు. ఆ సంగతి ఆమె ఎత్తేది కాదు. నేను పుస్తకం తెరవగానే మాత్రం, కోటలోకి బియ్యం చేరాయా అని అడిగేది.

ఒక పొద్దున ఆగలేక ముందుకు చదివేశాను. ఆ కుర్రవాడు చచ్చిపోయాడు. రాసినవాడి మీద ఒళ్ళు మండి పుస్తకాన్ని మంచం మీదకు విసిరేశాను. మధ్యాహ్నం అత్త ముఖం చూశాక ఆ మాట నోట రాలేదు. కోట కింద ఒక సొరంగం తవ్వించి కుర్రవాణ్ణి బయటపడేశాను.

నాకు కథలు అల్లడం రాదు. రెండో రోజు అతను అడవిలో ఇప్పపూలు ఏరుకున్నాడు. మూడో రోజు కూడా అవే ఏరుకున్నాడు. నాలుగో రోజు మా బైలడిల్లా లాంటి కొండ ఎక్కించాను. అత్త గింజలు తీస్తూ విన్నది.

అయిదో రోజు నేను నోరు తెరవకముందే పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"నాలుగు రోజులాయె పిల్లా, నువ్వు పేజీ తిప్పుతలేవు. ఆ పిలగాడు సచ్చిపోయిండు గదా?"

తల ఊపాను. సిగ్గూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె మాత్రం ఏడవలేదు.

"ఉన్నది ఉన్నట్టు చదువు. రేపు మా తమ్ముని కబురొచ్చినా అందరు నీలెక్కనే చెప్తరు. ఒక్కరన్న నిజం చెప్పకపోతే నేను ఎవర్ని నమ్మాలె?"

వెనక్కి వెళ్ళి ఆ చావును ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఆమె గింజలు తీస్తూనే ఉంది. చెయ్యి ఒక్కసారే ఆగింది. ఆ తరువాత పుస్తకాన్ని చివరిదాకా అలాగే చదువుకున్నాం.

వానలు వెనకబట్టాక ఒక లారీ డ్రైవరు చీటీ తెచ్చాడు. హిందీలో ఉంది. హిందీ చదవగలిగిన మామయ్య ఇంట్లోనే ఉన్నాడు. అయినా అత్త దాన్ని మడత విప్పకుండా నా దగ్గరికి తెచ్చింది. నాలుగే వాక్యాలు. దుకాణం మూసేశాడట. జ్వరం వచ్చి తగ్గిందట. అక్కను దిగులు పడొద్దన్నాడు. దారి తెరవగానే వస్తానన్నాడు.

"ఉన్నదే చదివినవా?"

"ఉన్నదే చదివానత్తా."

అప్పుడు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అన్ని నెలల్లో ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.