పొలుసులున్న చేప

దుబాయ్ వెళ్ళిన మొదటి వారంలోనే మేడం నాతో ఒక మాట చెప్పింది. "చేపలైతే పొలుసులున్నవే తే. రొయ్యలు, సొరచేప ఈ ఇంట్లోకి రాకూడదు." నేను సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండేళ్ళ కిందట గుంటూరు దగ్గర మా పేటలో మా నాన్న చెప్పింది కూడా అచ్చం ఇదే.

అప్పటిదాకా మేం చర్చికి పోయేవాళ్ళం. నాన్న అక్కడ వాక్యం చెప్పేవాడు. ఎనభైల మొదట్లో ఒకరోజు ఉన్నట్టుండి, మనం యూదులం, ఎప్పుడో తప్పిపోయిన గోత్రం వాళ్ళం, ఇక శనివారమే విశ్రాంతి అన్నాడు. తప్పిపోయి తప్పిపోయి గుంటూరు జిల్లాకే వచ్చామా అని నేను నవ్వాను. రొయ్యలు మానేయమన్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఎండురొయ్యలు పడని గోంగూర కూడా ఒక కూరేనా? అయినా మానేశాను.

నా మొగుడు పోయాక, ఎనిమిదేళ్ళ కూతుర్ని నాన్న దగ్గర వదిలి ఈ వంటపనికి వచ్చాను. మేడం వాళ్ళది బొంబాయి. వాళ్ళింట్లో మరాఠీ, నాతో హిందీ. శుక్రవారం పొద్దుగూకే వేళ, సరిగ్గా మా శనివారం విశ్రాంతి మొదలయ్యే వేళకే, తలుపు గడియ పెట్టి, తల మీద కొంగు కప్పుకుని, కొబ్బరినూనె దీపం వెలిగించేది. మూడో శుక్రవారం ఉండబట్టలేక అడిగేశాను.

"మేడం, మీరూ మావాళ్ళేనా?"

"మీవాళ్ళంటే?"

చెప్పాను. ఆవిడ వెంటనే కిటికీ మూసేసింది. తర్వాత, రేషన్ కార్డు తిప్పి చూసే గుమాస్తాలా, "మీరు యూదులని మీకెవరు చెప్పారు? ఎప్పటినుంచి?" అంది.

"మా నాన్న చెప్పాడు" అన్నాను. అంతకు మించి నా దగ్గర ఋజువేం లేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు పప్పులో ఉప్పు వేయడం కూడా మర్చిపోయాను.

మర్నాడు ఆవిడే వంటింట్లోకి వచ్చింది. "మా అమ్మ, మా అన్నయ్యతో కలిసి ఇజ్రాయెల్ వెళ్ళిపోయింది. అక్కడివాళ్ళు మమ్మల్నీ ఇలాగే అడిగారు, మీరు నిజంగా యూదులేనా అని. ఎన్ని తరాలుగా దీపం పెడుతున్నామో మాకే తెలీదు" అంది.

"మరి తిరిగొచ్చేసిందా?"

"రాలేదు. అదే నా దేశం అంటుంది. అక్కడ కూర్చుని బొంబాయి కోసం ఏడుస్తుంది."

"మీ దేశమేది మేడం?"

"బొంబాయి" అంది ఆవిడ తడుముకోకుండా. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "దీపం పెట్టేటప్పుడు మాత్రం ఏది నా దేశమో తెలీదు."

నాకు అంతా గందరగోళంగా ఉంది. అంతలో నాన్న ఉత్తరం వచ్చింది. 'అమ్మాయీ, మన దేశం పోవడానికి పెద్దలు పేర్లు రాస్తన్నారు. నేను పోదామనుకుంటన్నా. పిల్లను కూడా తీసుకుపోనా? వెంటనే జవాబు రాయి.'

దుబాయ్ నుంచి ఆ దేశానికి విమానం లేదు, ఉత్తరం పోదు. ఆ పేరు పైకి అనాలన్నా అటూ ఇటూ చూసుకోవాలి. పిల్ల అక్కడికి పోతే నాకు దాని చేతిరాత కూడా దక్కదు. కానీ నాన్నను తప్పుపట్టలేకపోయాను. ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. పెద్ద బావి దగ్గర ఎవరైనా పైనుంచి నీళ్ళు పోసేదాకా మా అమ్మ కుండతో నిలబడి ఉండేది. ఎక్కడో ఒక దేశం రమ్మంటుందని ఆశపడితే అది తప్పా?

'తీసుకుపో' అని రాసి చించేశాను. 'వద్దు' అని రాసి అదీ చించేశాను. ఏం చేయమంటారని మేడంని అడిగాను.

"నన్నడక్కు. మా అమ్మను చూసి తొమ్మిదేళ్ళయింది" అంది ఆవిడ.

మళ్ళీ చదువుదామని ఉత్తరం తీశాను. వెనకవైపు కింద, నేను అప్పటిదాకా చూడని చోట, పెన్సిల్‌తో వంకర అక్షరాలున్నాయి.

'అమ్మా, తాత మనల్ని మన దేశం తీసుకుపోతాడంట. అది నువ్వుండే దేశమేగా? నా బట్టలు సర్దుకున్నా.'

మన దేశమేదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు మాత్రం మేడంతో చెప్పి, నేనూ నా బట్టలు సర్దుకున్నాను.