ఎదురింటి సాయబాన్

నిన్న నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణం వాళ్ళు ఎండకు అడ్డంగా చారల గుడ్డ సాయబాన్ దించుతుంటే చూస్తూ నిలబడిపోయాను. మన ఈడు వాళ్ళకు అలాంటి సాయబాన్లు గుర్తుండే ఉంటాయి, బోధన్‌లో మా ఎదురింటి సుశీల వాళ్ళ అరుగు మీద అచ్చం అలాంటిదే ఉండేది.

మా అరుగు మీద మధ్యాహ్నమంతా ఎండే. తడిపిన తునికాకు ఆ ఎండకు పెళుసెక్కి, బీడీ చుడుతుంటే చిరిగిపోయేది. అందుకని అమ్మ బీడీల చాట ఎత్తుకుని వాళ్ళ నీడకు పోయేది. అక్కడ సుశీలను పక్కన కూర్చోబెట్టుకుని బీడీ మూతి మడవడం నేర్పేది. నాకు నేర్పేటప్పుడు లేని నవ్వు అక్కడ ఎక్కడి నుంచి వచ్చేదో.

నేను పోరుపెడితే బాపు ఖాళీ చక్కెర సంచులు తెచ్చి మాకూ ఒక సాయబాన్ కుట్టించాడు. వాటిని ముందు ఉతకాలని ఎవరికీ తోచలేదు. మొదటి జల్లుకే సంచులకు అంటిన చక్కెర కరిగి అరుగంతా కారింది. దాని వెనకే చీమలు.

"అక్కా, చీమలు నిన్ను ఎత్తుకపోతయ్, ఇటు రా," అని సుశీల వాళ్ళమ్మ నవ్వింది. అమ్మ మళ్ళీ చాట ఎత్తుకుంది.

"నువ్వు గూడ రా బిడ్డా," అని అమ్మ అక్కడి నుంచి పిలిచింది.

సుశీల కొంచెం జరిగి, "దా, మీ అవ్వ పక్కకు కూసో. నేను జాగ ఇస్తున్న," అంది.

మా అమ్మ పక్కన నాకు ఆ పిల్ల జాగ ఇవ్వడమేమిటి? మనవరాళ్ళు పెళ్ళీడుకు వచ్చినా, ఆ మాట తలచుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నేను పోలేదు. చీమలు కుడుతున్నా, మా సంచుల కిందే కూర్చున్నాను.