పచ్చ సున్నాలో గెలాక్సీ

హీరో గాల్లోకి ఎగిరితే అతని నడుముకు కట్టిన తీగలు తెర మీద కనబడకుండా చెరిపేయడం నా ఉద్యోగం. ఫిల్మ్‌నగర్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో ఏళ్లుగా అదే పని. ఈ మధ్య కళ్లజోడు మార్చాను. అప్పటి నుంచి మా సూపర్‌వైజరు నేను పూర్తి చేసిన షాట్లను పక్క సీటు అమ్మాయి చేత తనిఖీ చేయిస్తున్నాడు. ఎందుకని అడిగితే, "ఊరికే మేడమ్, ఫార్మాలిటీ" అన్నాడు. ఊరికేనట! ఒళ్లు మండిపోయింది. మంట తగ్గాక భయం మొదలైంది. చూపు మందగిస్తే ఈ పనిలో నన్నెవరు ఉంచుకుంటారు?

ఇంటి మేడ మీద చిన్న టెలిస్కోపుకు కెమెరా తగిలించి ఆకాశాన్ని ఫొటోలు తీయడం నాకున్న ఒకే ఒక్క పిచ్చి. జూబ్లీహిల్స్ వెలుతురులో మసక గెలాక్సీలు ఒక్క ఫొటోకి చిక్కవు. వందల ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అలా పేర్చిన బొమ్మను ఇస్తే, కంప్యూటరు నక్షత్రాల పటంతో పోల్చి, ఫలానా చోట ఫలానా గెలాక్సీ ఉందని పచ్చ సున్నా చుడుతుంది. ఈసారి ఒక సున్నాలో నాకేమీ కనబడలేదు. ఇంతే టెలిస్కోపు ఉన్న మా ఆకాశం ఫొటోల వాట్సాప్ గ్రూపు వాళ్లకి అది చక్కగా వచ్చింది. అంటే నా ఫొటోలోనూ ఉండాలి. నాకే కనబడడం లేదు.

ఇక స్థిమితం లేదు. కూర మాడబెట్టాను. షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ఫోన్ తీసి ఆ సున్నానే పెద్దది చేసి చూశాను. "ఆ గెలాక్సీ ఎక్కడికీ పోదులేవే, ముందు అన్నం తిను" అని మా ఆయన వేళాకోళం. "గెలాక్సీ పోదండీ, పోయేది నా ఉద్యోగం!" అని గయ్యిమన్నాను.

చివరికి సిగ్గు విడిచి, నా షాట్లు తనిఖీ చేసే ఆ అమ్మాయికే లంచ్ టైములో ఫొటో చూపించాను.

"నాకైతే ఏం కనవడ్తలేదక్కా. తుడవకముందుది ఉన్నదా?" అంది. ఎవరి షాట్ చూసినా ముందు తుడవని బొమ్మ అడగడం మా పనిలో అలవాటు.

"తుడవడమేంటి? ఇదేం సినిమానా?" అని కసురుకున్నాను. కసురుకున్నాక గాని గుర్తు రాలేదు. ఫొటోలకి అడ్డం వచ్చిన శాటిలైట్లు గీసిన గీతల్ని నేనే కూర్చుని చెరిపాను.

తుడవని బొమ్మ తెరిచాను. ఆ సున్నా ఉండాల్సిన చోట వెంట్రుక ముక్కంత గీత. అంచు మనవైపు పెట్టి నిలబడ్డ గెలాక్సీ అది. దాన్నీ తీగలాగే చూసి, ఆలోచన కూడా లేకుండా చెరిపేసింది నా చెయ్యి.

"ఇదిగో!" అన్నాను.

"ఏడ?" తెరకు ముక్కు ఆనించినంత పని చేసింది. "ఏం లేదక్కా గాడ." వేలు పెట్టి చూపించినా లేదంది. వెలుగు బాగా పెంచాక అప్పుడు, "అవ్వో!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపు తెరనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"గింత సన్నది ఎట్ల చూసి తుడిచినవక్కా? నీ షాట్లు నేనేంది చూసుడు?"

నవ్వబోయి, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.