అంగుళం గారి స్టాలు

ఆయనను అందరూ అంగుళం గారనే పిలుస్తారు. వృత్తి ఫోటోగ్రాఫరు. లోకంలో ప్రతి వస్తువూ, ప్రతి మనిషీ ఉండవలసిన చోటికి ఒక్క అంగుళం అటో ఇటో ఉన్నారని ఆయన గట్టి నమ్మకం. ఆ అంగుళం సర్దితే గాని ఆయనకు ముద్ద దిగదు.

ఒకసారి జలుబు చేసి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు గొట్టం పెట్టి గుండె చూస్తుంటే, "ఒక్క అంగుళం ఎడమకి జరగండి, కిటికీ వెలుతురు మీ మొహం మీద బాగా పడుతుంది" అన్నాడు. డాక్టరు మొహమాటానికి జరిగాడు. గొట్టం కూడా ఆయనతో పాటే జరిగింది. గుండె చప్పుడు వినబడలేదు. ఆ క్షణంలో చెమటలు పట్టింది రోగికి కాదు.

బంధువుల పెళ్లిలో గ్రూపు ఫోటో తీస్తూ, వరస చివర నిలబడ్డ సొంత బావమరిదిని అంగుళం అంగుళం జరిపి వేదిక కిందికి దింపేశాడు. ఫోటోలో బావమరిదిది మోచెయ్యి ఒక్కటే పడింది. మోచెయ్యి మాత్రం చాలా స్పష్టంగా వచ్చిందని అంగుళం గారు మురిసిపోయాడు. ఆనాటి నుంచి బావగారు కెమెరా తీస్తే చాలు, బావమరిది దగ్గరలో ఉన్న కుర్చీని గట్టిగా పట్టుకుంటాడు.

ఇన్నేళ్లుగా ఈ అంగుళాలతో కాపురం చేస్తున్నది ఆయన భార్య. స్టూడియోలో కౌంటరు దగ్గర కూర్చునేదీ, వచ్చినవాళ్లతో మాట్లాడేదీ ఆవిడే. చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరైపోయాక పెళ్లి పిలుపులు తగ్గాయి. ఈ ఏడూ ఇలాగే సాగితే స్టూడియో ఎత్తేసి, ఎవరి దుకాణంలోనో పాస్‌పోర్టు ఫోటోలు తీసుకోవలసిందే. పాస్‌పోర్టు ఫోటోలో మనిషిని జరపడానికి చోటుండదు. అలాంటి ఉద్యోగంలో ఈయన వారం కూడా బతకడని ఆవిడ బెంగ.

అందుకే పెళ్లి ప్రదర్శన పెడుతున్నారని తెలియగానే ఆవిడ కొంగు బిగించింది. పూలవాళ్లు, వంటవాళ్లు, అలంకరణవాళ్లు, ఫోటోవాళ్లు అంతా ఒక పెద్ద హాల్లో స్టాళ్లు పెడతారు. పెళ్లి కుదిరినవాళ్లు వచ్చి చూసుకుని మాట్లాడుకుంటారు. ఆవిడ ప్రదర్శన మేనేజరు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, బతిమాలి, ద్వారానికి సరిగ్గా ఎదురుగా స్టాలు సంపాదించింది. లోపల అడుగుపెట్టినవాడికి ముందు కనబడేది తమ ఫోటోలే. ఆ స్థలం దొరికిన రోజున ఆవిడకు నేల మీద కాలు ఆనలేదు.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఇద్దరూ సామాను దింపారు. చక్రాల మీద నడిచే చెక్కగోడలు నిలబెట్టారు. వాటికి పెద్ద పెద్ద ఫోటోలు తగిలించారు. ముందు బల్ల వేసి ఆల్బములు పేర్చారు. ఎడమ పక్క స్టాలు పెళ్లిబట్టలు కుట్టే ఆవిడది. ఇలాంటి చోటికి రావడం అదే మొదలు. ఆలస్యంగా అడిగినందుకు ఆవిడకు మిగిలిన జాగా ఇచ్చారు. దాని ముందు ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత స్తంభం. ఆవిడ స్తంభాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, ఎవరినీ ఏమీ అనకుండా, తను కుట్టిన బట్టలు బొమ్మకు తొడగడం మొదలుపెట్టింది.

అంతలో అంగుళం గారికి పూనకం వచ్చింది. వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, తల వాల్చి చూశాడు.

"అమ్మా, మా గోడ ఒక్క అంగుళం ఎడమకి రావాలి. మీరూ కాస్త జరుగుతారా?"

"దానికేముంది అన్నయ్యగారూ" అని ఆవిడ బొమ్మను జరుపుకుంది. ఆ వరస చివరి స్టాలువాళ్లు రాలేదు గనుక అటు ఖాళీ ఉంది.

కాసేపటికి దీపం కుదరలేదన్నాడు. మళ్లీ అంగుళం. తర్వాత ఆల్బముల మీద నీడ పడుతోందన్నాడు. మళ్లీ అంగుళం. పేరుకు అంగుళమే, జరిగేది మూరెడు. చక్రాలు కిర్రుమనడం, ఆవిడ బొమ్మను చంకనెత్తుకోవడం. ఎదుటి స్టాలులో మేకప్ వేసే అమ్మాయి ఇదంతా చూసి, ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదేనని పక్కవాళ్లతో గొణిగింది. అంగుళం గారి భార్యకు తల కొట్టేసినట్టయింది. పక్కావిడ దగ్గరికి వెళ్లి, ఆయన మనిషి మంచివాడే, చెయ్యే ఊరుకోదని క్షమాపణ చెప్పుకుంది. ఆయన చెవిలో, పాపం ఆడమనిషిని అలా తరుముతారేమిటని కసిరింది. గోడకు చెప్పినా ఒకటే. ఆమాటకొస్తే గోడైనా జరిగింది.

ఆ సిగ్గు భరించలేక ఆవిడ కాఫీ నెపంతో బయటికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేసరికి తలుపులు తెరిచారు. జనంతో పాటు ద్వారంలోంచి లోపలికి అడుగుపెట్టి, అక్కడే నిలబడిపోయింది.

స్తంభానికి అవతల, కళ్లు జిగేలుమనేలా, బట్టలు కుట్టే ఆవిడ స్టాలు. చుట్టూ అప్పుడే జనం. ఎదురుగా తమ స్టాలు ఉండవలసిన చోట ఖాళీ నేల. స్తంభానికి ఒక పక్కనుంచి అంగుళం గారి మోచెయ్యి కనబడుతోంది.

ఆవిడ విసవిసా వెళ్లింది. "ఏం చేశారండీ? ఈ చోటు కోసం నేనెంత తిరిగానో తెలుసా?"

"తెలుసు. అందుకే నీకు చెప్పలేదు."

"తిన్నగా స్థలం మార్చుకుందామని ఆవిడనే అడగొచ్చుగా?"

"అడిగితే ఆవిడ వద్దనేది. నువ్వు అసలే వద్దనేదానివి. అంగుళానికైతే ఎవరూ అడ్డు చెప్పరు" అని ఆయన ఆల్బము తుడుచుకుంటూ కూర్చున్నాడు. మనల్ని ఊళ్లో ఎరగనివాళ్లు లేరనీ, ఆవిడకు మొదటిసారనీ, మొదటిసారే స్తంభం వెనక కూర్చుంటే రెండోసారి రాదనీ నసిగాడు.

ఆవిడ ఇంకా నోరు విప్పకముందే మేనేజరు ఊడిపడ్డాడు. నేల మీద వేసిన గీతలు ఎక్కడ, స్టాళ్లు ఎక్కడని అడిగాడు. ఎవరి చోటికి వాళ్లు వెంటనే వెళ్లాలన్నాడు. బట్టలు కుట్టే ఆవిడ నేలనున్న గీతలూ, స్తంభమూ మార్చి మార్చి చూసింది. పొద్దుటినుంచి తను ఎందుకు జరిగిందో అప్పుడు అర్థమైంది. వెంటనే బొమ్మను ఎత్తుకోబోయింది.

అంగుళం గారి భార్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేమే కావాలని జరిగామండి" అంది మేనేజరుతో. "అక్కడ ఎండ పడి ఫోటోలు వెలిసిపోతున్నాయి."

మేనేజరు హాలంతా కలయజూశాడు. "ఇక్కడ కిటికీలే లేవు కదమ్మా."

"తలుపు తీసినప్పుడల్లా వస్తోంది."

ఇంత నిబ్బరంగా చెప్పే అబద్ధానికి ఎదురు చెప్పే ఓపిక లేక మేనేజరు వెళ్లిపోయాడు.

స్తంభం చాటు మరీ నష్టమేమీ కాలేదు. కొత్త చెప్పులు కరిచిన పెళ్లికూతుళ్లు, హోరు భరించలేని పెద్దవాళ్లు అక్కడికొచ్చి కూలబడ్డారు. ఊరికే కూర్చోలేక ఆల్బములు తిరగేశారు. పక్కావిడ కూడా తన దగ్గరికి వచ్చినవాళ్లను, మా అన్నయ్యగారి ఫోటోలు చూసి వెళ్లండంటూ ఇటు తోలింది. పొంగిపోయేన్ని కాదు గాని, స్టూడియో తలుపు ఇంకో ఏడు తెరిచి ఉంచడానికి సరిపడా పెళ్లి ఫోటోల బేరాలు కుదిరాయి.

సామాను సర్దేటప్పుడు అంగుళం గారు, తిట్లు ఎప్పుడు మొదలవుతాయా అని భార్య వంక బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఆవిడ చెక్కగోడకు భుజం ఆనించి ఒక్క తోపు తోసింది.

"వచ్చే ఏడు ఇలాంటిదేమైనా ఉంటే నన్నూ పిలవండి. మీరొక్కరే తోస్తుంటే పొద్దుపోతోంది."